గ్లౌజు లోపలి గుడ్డ

“డబ్బా ఎందుకు కడిగావ్?”

మూడు రోజుల నుంచీ అత్తగారు అడుగుతున్న ప్రశ్న ఇదే. పొద్దున లేవగానే ఒకసారి, ఆస్పత్రికి బయల్దేరే ముందు ఒకసారి. మధ్యలో గుర్తొస్తే ఇంకోసారి.

“రోజూ కడుగుతాను కాబట్టి కడిగాను అత్తయ్యా. తిన్న డబ్బా ఇంటికొస్తే కడక్కుండా ఎవరుంచుకుంటారు?”

“మొగుడు తోటలో పడిపోయాడని కబురొచ్చిన రోజున కూడానా? చేతులెలా ఆడాయమ్మా నీకు?”

కోడలు పొయ్యి ఆపింది. ఆడాయి మరి. ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, సింకులో ఉన్నవన్నీ తోమేసింది. అందులో ఆ డబ్బా కూడా ఉంది. బుర్ర పనిచెయ్యనప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఈ సంగతి అత్తగారికి మాత్రం తెలీదా? కొడుకు ఆస్పత్రిలో ఉండగా, మర్నాడు పొద్దున్నే ఆవిడ తన కుట్టుషాపు తెరిచి ఎవరివో నాలుగు చొక్కాలకి గుండీలు కుట్టి వచ్చింది. ఆవిణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అత్తగారు గిన్నెలోంచి ఒక చెంచాడు జావ తీసి నోట్లో వేసుకుంది. చప్పరించింది. ఉడికిన కూరలోంచి ఇంకో చెంచా తీసింది. అది ఉప్పు చూడటం కాదని ఇద్దరికీ తెలుసు.

“సరిపోయిందా?” కోడలు ఉండబట్టలేక అడిగింది.

“పావుగంట ఆగుదాం.”

“ఎందుకు?”

అత్తగారు గోడ గడియారం వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. పావుగంటలో తనకేమీ కాకపోతే అప్పుడు ఆ జావ కొడుక్కి వెళుతుందన్నమాట.

కోడలు కూడా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. పదకొండేళ్లుగా ఒకే వంటింట్లో మసలుతున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడకుండా గడియారం చూస్తూ కూర్చున్నారు. నవ్వొచ్చే సంగతే. ఓపిక ఉంటే కోడలు నవ్వేదే.

“సోమవారం పొద్దున ఏమన్నావు వాణ్ణి?” అత్తగారు గడియారాన్నే చూస్తూ అడిగింది.

“ఎన్నిసార్లు చెప్పను?”

“ఏదో ఒక రోజు ఆ పురుగుమందే మిమ్మల్ని మింగుతుంది అన్నావా లేదా? వీధంతా వింది.”

“ఆ పని మానేసి నారు వేసే పనికి మారిపొమ్మన్నాను. మారనన్నారు. కోపంలో అన్నాను.”

“అన్న మూడు గంటలకి వాడు పడిపోయాడు. నువ్విచ్చిన డబ్బాలో తిని చెయ్యి కడుక్కుని అరగంట కాలేదు.”

ఇక్కడే వస్తుంది చిక్కంతా. పురుగుమందే ఒంట్లోకి వెళ్ళిందని డాక్టరు ఖాయంగా చెప్పాడు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ, కంటిపాపలు ఆవగింజలంత అయిపోవడం, అన్నీ దానికి సరిపోయాయి. ఎలా వెళ్ళిందన్నది మాత్రం తేలలేదు. తిండితో వెళ్ళిందా, పీల్చాడా, చర్మానికి పట్టిందా?

పీల్చడం, పట్టడం అనే మాట ఎత్తితే తోటలో అందరూ చెవులు మూసుకుంటున్నారు. ఎందుకంటే పడిపోయినవాడు అల్లాటప్పా మనిషి కాడు. అద్దాల షెడ్లలో గులాబీలకి మందు కొట్టే పన్నెండు మందికీ అతనే మేస్త్రీ. అతనికి తోటలో పేరు ‘రూల్సాయన’. సీసా మీది చీటీ మొత్తం చదవనిదే మూత తియ్యడు. గాలి చూడనిదే పంపు భుజాన వెయ్యడు. మందు కొట్టిన షెడ్డుకి ఎర్ర బోర్డు తగిలించి, చెప్పిన గంటలు గడిచేదాకా యజమానినైనా లోపలికి అడుగు పెట్టనివ్వడు. అలాంటి మనిషి ఒంటికి మందు ఎలా పడుతుంది? తిండిలోనే వెళ్ళి ఉండాలి. తిండి ఎవరిచ్చారు?

అదే తోటలో పూలు కట్టలు కట్టే ప్యాకింగు గదిలో కోడలు పనిచేస్తుంది. విచారణ తేలేదాకా రావద్దని అక్కణ్ణుంచి నిన్ననే కబురు వచ్చింది.

పావుగంట అయింది. అత్తగారికి ఏమీ కాలేదు. ఆవిడ లేచి జావ ఫ్లాస్కులో పోసి మూత బిగించి, తన సంచిలో పెట్టుకుంది.

వాకిట్లో వ్యాను ఆగింది. మరిది లోపలికి వచ్చాడు. తోటలో పూల వ్యాను నడుపుతాడు. ఎప్పుడొచ్చినా ‘వదినా, ఏముంది తినడానికి’ అంటూ గిన్నెల మూతలు ఎత్తి చూసేవాడు. ఇవాళ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చేతిలో మందమైన ప్లాస్టిక్ సంచి ఉంది.

“తోటలో అన్నయ్య అలమరా ఖాళీ చెయ్యమన్నారు వాళ్ళు. ఉన్నవన్నీ ఇందులో పడేశాను,” అని సంచి గోడవారగా దింపాడు. “అమ్మా, పద. తనిఖీ ఆఫీసునుంచి మేడమ్ పదకొండుకి వస్తుందట. అన్నయ్యనీ నిన్నూ అడిగి రాసుకుంటుందట.”

“నేనూ వస్తాను,” అంది కోడలు.

మరిది గుమ్మంలోంచి పక్కకి తప్పుకోలేదు.

“ఏం, రాకూడదా?”

“నేనన్నది కాదు వదినా. అన్నయ్యే అన్నాడు. ఇవాళ్టికి అమ్మని తీసుకురా చాలు అని.”

“ఆయనే అన్నారా?”

“ఆఁ.”

“నా పేరెత్తి వద్దన్నారా, ఊరికే అమ్మని తీసుకురమ్మన్నారా?”

అతను చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ నేల చూశాడు. పేరెత్తే వద్దన్నాడన్నమాట. ఇద్దరూ వెళ్ళిపోయారు. వ్యాను చప్పుడు వీధి చివర దాకా వినబడి ఆగిపోయింది.

కోడలికి ఒళ్ళు మండింది. తర్వాత భయం వేసింది. అత్తగారు అనుమానించిందంటే సరే, కొడుకు కోసం కడుపు మండి ఏదో అంటోంది. మరిది అంటే కుర్రతనం. ఈయనకేం వచ్చింది? పదకొండేళ్ళు పక్కన పడుకున్న మనిషి, తనని రావద్దని చెప్పి పంపాడా? రేపు ఇంటికి వచ్చాక తను మంచినీళ్ళు ఇచ్చినా గ్లాసులోకి తొంగి చూస్తాడా? అలాంటి బతుకు తను బతకలేదు.

సంచి కనబడింది. ఇంట్లో ఉంచకూడని సంచి అది. తీసుకెళ్ళి పెరట్లో పెట్టింది.

మందు బట్టలు ఉతకడానికి ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అదీ రూల్సాయన పెట్టిందే. ఇంట్లో బట్టలతో కలపకూడదు. తనకు వేరే రబ్బరు గ్లౌజులు, వేరే టబ్బు. ముందు జేబులు వెతకాలి, తర్వాత వేడినీళ్ళు, సబ్బు, రెండుసార్లు. అయ్యాక ఖాళీ టబ్బుని కూడా ఓసారి కడగాలి. పెళ్ళయిన కొత్తలో అతను పక్కనే నిలబడి పరీక్ష మాస్టరులా చూసేవాడు. ‘చాదస్తం’ అని ఆమె వెక్కిరించేది.

గ్లౌజులు తొడుక్కుని సంచి విప్పింది. ముందు చొక్కా, ప్యాంటు వచ్చాయి. తర్వాత బూట్లు. అడుగున అతని గ్లౌజులు.

అవి ఎప్పుడూ ఇంటికి రావు. తోటలోనే కడిగి, తోటలోనే ఆరబెట్టి, అలమరాలో పెట్టి రావాలి, అదీ రూలే. మరిదికి ఆ సంగతి తెలీక మొత్తం ఊడ్చి తెచ్చాడు. ఒకటి పట్టుకుని ఎత్తింది. పైన పొడిగా ఉంది. నొక్కింది. లోపల మెత్తగా, ఒత్తుగా ఏదో తగిలింది. నొక్కినచోట మణికట్టు దగ్గర పచ్చటి చెమ్మ ఊరి బయటికి వచ్చింది. వాసన గుప్పుమంది. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

మెల్లగా అంచు మడిచి చూసింది. లోపల గుడ్డ ఉంది. వేలు వేలుకీ కత్తిరించి, వేలు వేలుకీ కుట్టి, చెయ్యి ఆకారంలో అమర్చిన నూలు గుడ్డ. మణికట్టు దగ్గర రబ్బరుకీ గుడ్డకీ కలిపి చుట్టూ సన్నటి కుట్టు వేసి ఉంది. సూది దిగిన ప్రతిచోటా రబ్బరుకి ఒక బెజ్జం.

ఆమె అక్కడే ఇటుక మీద కూర్చుని రెండోది కూడా మడిచి చూసింది. అందులోనూ గుడ్డే.

పోయిన ఏడాది ప్యాకింగు గదిలో అందరికీ పాఠం చెప్పింది ఈయనే. ఒక గ్లౌజు ఎత్తి చూపించి, ‘లోపల గుడ్డ ఉన్నది ముట్టుకోవద్దు. రబ్బరు మీద పడ్డ మందుని కడగొచ్చు. గుడ్డ దాన్ని తాగి కూర్చుంటుంది. మీరు వేసుకున్నంతసేపూ మీ చర్మానికి తాగిస్తుంది’ అన్నాడు. ఆమె వెనక బల్ల మీద కూర్చుని, మా ఆయన ఎంత బాగా చెబుతున్నాడని మురిసిపోయింది కూడా.

నెల రోజులుగా అరచేతులు పొట్టు రాలుతుంటే అడిగింది. ‘చెమట’ అన్నాడు. గులాబీ పందిళ్ళు తలకంటే ఎత్తున ఉంటాయి. చేతులెత్తి కొడితే మందు మోచేతి దాకా జారుతుంది. ఆ కుట్టు బెజ్జాల్లోంచి లోపలికి దిగి, గుడ్డలో చేరి, రోజుకి ఆరేసి గంటలు. గ్లౌజు పైన ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం?

ముందు ఆమెకి ఊపిరి వచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నిండుగా పీల్చింది. తను కాదు. తన డబ్బా కాదు. ఇదిగో సాక్ష్యం.

తర్వాత గుడ్డ వైపు చూసింది. పచ్చబడింది కానీ, నీలం చుక్కలు ఇంకా తెలుస్తున్నాయి. రెండు నెలల కిందట తీగ మీంచి మాయమైన తన దిండు గలీబు. ఎవరు తీశారని అడిగితే అత్తగారు ‘గాలికి పోయి ఉంటుంది’ అంది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ గుడ్డ. కొడుకు చేతులు చెమటకి ఒరుసుకుపోతున్నాయని తల్లి ఏరుకుని తీసింది. పదివేళ్ళకీ కొలత తీసి, ఆ వయసులో ఆ చూపుతో, రబ్బరు మీద సూది గుచ్చి కుట్టింది. కొత్త జతని ఆయనే కుట్టుషాపులో ఇచ్చి ఉండాలి. ఈ వీధిలో ఇంకెవరికీ రాని పని అది.

‘కావాలనే చేసిందా?’ అనే ఆలోచన రానే వచ్చింది. మూడు రోజులు అనుమానం తింటే మనిషికి అనుమానమే అరుగుతుంది కాబోలు. ఛీ, అనుకుంది. తల్లి! ఆ చేతులు బాగుండాలనే కుట్టింది. తెలిస్తే ఆవిడ బతుకుతుందా? మూడు రోజులుగా తనని పొడుచుకు తిన్న మనిషి మీద జాలి కలుగుతున్నందుకు కోడలికి తన మీద తనకే చిరాకేసింది.

ఆయనతో ఒంటరిగా చెప్పాలి. ఆస్పత్రి మందుల మత్తులో ఆయనకి తట్టి ఉండదు. గుర్తుచేస్తే చాలు, మిగతాది ఆయనే సర్దుతాడు. అమ్మ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో ఆయనకే తెలుసు. డాక్టరుకి కూడా వెంటనే తెలియాలి. గోళ్ళ సందుల్లో ఏమన్నా మిగిలిందేమో కడగాలి కదా.

గ్లౌజులు రెండూ ఒక కవర్లో వేసి ముడివేసి, ఆ కవరు ఇంకో కవర్లో పెట్టింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. తాళం వేసి బస్సెక్కింది.

ఆస్పత్రిలో ఆరో నంబరు మంచం. అనుకున్నట్టు ఒంటరిగా లేడు. అత్తగారు మంచం అంచున కూర్చుని చెంచాతో జావ పడుతోంది. కాళ్ళ వైపు కుర్చీలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ అట్ట మీద కాగితాలు పెట్టి రాస్తోంది. తనిఖీ మేడమ్. మరిది కిటికీ దగ్గర ఉన్నాడు.

ఆమెని చూడగానే చెంచా ఆగింది.

“నిన్ను రావద్దన్నాడుగా,” అంది అత్తగారు.

“ఆయన నాతో అనలేదు.” కోడలు భర్త వైపు చూసింది. “ఏవండీ, మీతో రెండు నిమిషాలు మాట్లాడాలి.”

అతను దుప్పటి చూశాడు. “తర్వాత మాట్లాడుకుందాం.”

“ఇప్పుడే మాట్లాడాలి.”

“మీరు భార్యా?” మేడమ్ కలం ఆపింది. “మంచిదే అయింది, మిమ్మల్నీ అడగాలి. సోమవారం డబ్బా కట్టింది మీరే కదా? అందులో మిగిలింది ఏమైంది?”

“కడిగేసింది!” అత్తగారు అందుకుంది. “అదే రోజు. చుక్క మిగల్చకుండా.”

“ఆవిణ్ణి చెప్పనివ్వండమ్మా.”

“కడిగాను. తప్పే. కానీ...”

“చూడండి,” మేడమ్ గొంతు మామూలుగానే ఉంది. “ఇది తోటలో పని వల్ల జరిగిందా, ఇంట్లో జరిగిందా అన్నది నేను రాయాలి. పనిలో జరిగితే మేస్త్రీగారు రూలు ఎక్కడ తప్పారో తేలాలి. తప్పినట్టు తేలితే పదిమందికి పాఠాలు చెప్పే ఆ బాధ్యత ఆయనకి ఉండదు. ఆయన మాత్రం ఒక్క రూలు కూడా తప్పలేదంటున్నారు. అదే నిజమైతే ఈ కాగితం పోలీసులకి వెళుతుంది. మీకు అర్థమవుతోంది కదా?”

కోడలు మళ్ళీ భర్త వైపు చూసింది. “ఒక్క రూలు కూడా తప్పలేదన్నారా?”

అతను దుప్పటి మీద అరచేతులు బోర్లా పెట్టుకుని ఉన్నాడు.

“చెప్పండి. మీరే చెప్పండి. నేను చెప్పేకంటే మీరు చెబితే బాగుంటుంది.”

“ఏం చెప్పాలి?” అత్తగారు లేచి నిలబడింది. “ఒంట్లో బాగాలేనివాణ్ణి ఏం చెప్పమంటావ్? బెదిరిస్తున్నావా?”

ఇక లాభం లేదు. కోడలు కవరు తీసి కిటికీ అరుగు మీద పెట్టింది. “ముట్టుకునే ముందు గ్లౌజులేసుకోండి మేడమ్.”

నర్సు దగ్గర గ్లౌజులు తీసుకుని మేడమ్ ముడి విప్పింది. అంచు మడిచింది. లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

“ఇవి మీవేనా?” అని అడిగింది అతన్ని.

“...నావే.”

“లోపల గుడ్డ కుట్టి ఉంది. రబ్బరు నిండా బెజ్జాలు. దీనికంటే ఉత్త చేతులతో కొట్టి కడుక్కుంటేనే నయం.” ఆవిడ తలెత్తింది. “మీ చేతులిలా చూపించండి.”

అతను చూపించాడు. అరచేతులు పొట్టు రాలి ఎర్రగా ఉన్నాయి.

“ఇందులోంచే వెళ్ళింది. ఒక్కరోజులో కాదు, వారాల తరబడి. సోమవారానికి ఒళ్ళు ఓర్చుకోలేకపోయింది.”

ఆ మాటకి కోడలు అత్తగారి వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో చెంచా వంగి, జావ చీర కుచ్చిళ్ళ మీద పడుతున్నా తెలియడం లేదు.

“ఇది ఎవరు కుట్టారు?” మేడమ్ అడిగింది.

పక్క మంచం మీద ఎవరో దగ్గారు.

“అడుగుతున్నాను. ఎవరు కుట్టారు?”

“నేను కాదు,” అంది అత్తగారు.

తనని అడగకుండానే అంది. గొంతు ఆవిడది కానట్టుంది. మరిది గిర్రున ఇటు తిరిగి, తల్లిని చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

“మీరు టైలరు కదమ్మా?”

“నాకు చూపు ఆనదు. ఇంత సన్న కుట్టు నేను వెయ్యలేను.” ఆవిడ మంచం కోడు పట్టుకుంది. “ఆ గుడ్డ దాని దిండు గలీబు. దాన్నే అడగండి.”

“మీ గుడ్డేనా?”

“నాదే,” అంది కోడలు. అబద్ధమాడటం ఆమెకి తట్టలేదు. “పోయింది. రెండు నెలలైంది. ఏవండీ, వేలు వేలుకీ కొలత తీసుకుని కుట్టినదది. మీ చెయ్యి పట్టుకుని కొలిచిందెవరో మీకు తెలీదా?”

మేడమ్ అతని వైపు తిరిగింది. “చెప్పండి. మీ అమ్మగారు కుట్టారా?”

అతను తల్లిని చూశాడు. తల్లి అతన్ని చూసింది. పాపం, ఆ చూపులో బతిమాలడం తప్ప ఇంకేమీ లేదు. నేనే నీ చేతులకి విషం తొడిగానని ఈ పదిమందిలో చెప్పించకురా అన్నట్టుంది.

“అమ్మ కాదు,” అన్నాడతను.

“మరి?”

“నాకు తెలీదు. అలమరాలో ఉన్నవి వేసుకున్నాను. లోపల చూసుకోలేదు.”

రూల్సాయన. చీటీ చదవనిదే మూత తియ్యనివాడు. తన గ్లౌజు లోపల తనే చూసుకోలేదట.

మేడమ్ రాసుకుంది. కలం కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు కోడలికి స్పష్టంగా వినబడింది. మూడు రోజులుగా ఆమె ఒకటే భయపడింది, ఈయన నన్ను అనుమానిస్తున్నాడని. ఎంత పిచ్చిది! అనుమానించనేలేదు. గుడ్డ సంగతి ఆయనకి మొదటి రోజు నుంచీ తెలుసు. ఇవాళ రావద్దని కబురు పంపింది కూడా అందుకే. అనుమానమైతే ఏదో ఒక విధంగా తీర్చేది. అన్నీ తెలిసి తనని పోలీసులకి అప్పగిస్తున్నవాణ్ణి ఏం చెయ్యాలి? ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

“అయితే ఇది మీరు కుట్టారా అమ్మా?” మేడమ్ కోడలి వైపు తిరిగి అడిగింది. ఇప్పుడావిడ గొంతు మామూలుగా లేదు.

మంచం చాటున అత్తగారి చెయ్యి వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది. చల్లగా, గట్టిగా. పొద్దున డబ్బా ఎందుకు కడిగావని నిలదీసిన మనిషి చెయ్యి కాదది. కోడలు ఆ చెయ్యి విదిలించలేదు. అలాగని దానికి లొంగనూ లేదు.

“ఆ మాట ఆయన్ని ఇంకోసారి అడగండి మేడమ్,” అంది. “ఇందాక దుప్పటి చూస్తూ చెప్పారు. ఈసారి నా మొహం చూసి చెప్పమనండి. ఏం చెబితే అది రాసుకోండి. నేను వేలిముద్ర వేస్తాను.”

కలం ఆగింది. మణికట్టు మీద అత్తగారి వేళ్ళు ఇంకా బిగిశాయి.

“చెప్పండి,” అంది మేడమ్.

అతను తలెత్తాడు. చూపు మెల్లగా పైకి వచ్చింది. ఆమె చేతి దాకా వచ్చి, భుజం దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.